చిన్న గ్రంథాలయం, దూరాన ఉన్న పాఠకుడు: ఏది ముందు, ఏది తర్వాత

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. సిబ్బంది ఇద్దరే. పుస్తకాలు కొన్ని వేలు. కేటలాగు కంప్యూటర్‌లోకి ఎక్కింది కానీ గ్రంథాలయం గది దాటి బయటికి కనిపించదు. వయసు మీద పడి రాలేనివారు, ఉద్యోగ వేళల వల్ల కుదరనివారు, నివాసం మారినా సభ్యత్వం వదులుకోనివారు పెరుగుతున్నారు. పాలకమండలిలో ఒకరు మొబైల్ యాప్ చేయిద్దామంటున్నారు, ఒకరు చాట్‌బాట్ పెడదామంటున్నారు, ఇంకొకరు ఈ-పుస్తకాల చందా కడదామంటున్నారు. ఈ మూడింటిలో దేనితో మొదలుపెట్టాలని అడిగారు.

దేనితోనూ వద్దు. నేను చాలా ఏళ్లు రిఫరెన్సు విభాగంలోనూ, ఆ తర్వాత కేటలాగు సాఫ్ట్‌వేర్ నిర్వహణలోనూ పనిచేశాను. ఆన్‌లైన్ సేవలు డబ్బు లేక ఆగిపోవడం కంటే, జవాబు చెప్పే మనిషి లేక ఆగిపోవడమే ఎక్కువగా చూశాను. ఫేస్‌బుక్ పేజీ, ఈమెయిల్, వాట్సాప్, చాట్ పెట్టె, ఫారం అన్నీ ఒకేసారి తెరుస్తారు. మూడు నెలల తర్వాత వాటిలో పాఠకుల ప్రశ్నలు ఎవరూ చూడకుండా పడి ఉంటాయి. ఒకసారి జవాబు రాకపోతే పాఠకుడు రెండోసారి అడగడు. అందుకని తెరిచిన ప్రతి మార్గానికీ ఫలానా మనిషి, ఫలానా వేళ అని రాసి పెట్టుకోగలిగితేనే తెరవండి. ఇద్దరు సిబ్బందికి రెండు మార్గాలు చాలు: వెబ్‌లో కనిపించే కేటలాగు, ప్రశ్నలకు ఒకే ఒక చిరునామా.

ముందుగా ఒక వారం పాటు కౌంటర్ దగ్గర ఒక కాగితం పెట్టి, వచ్చినవారు ఏమడిగారో ఒక్కో గీత గీసుకోండి. ఈ పుస్తకం ఉందా, ఎవరి దగ్గర ఉంది, నాకోసం ఆపి ఉంచుతారా, గడువు పెంచుతారా, నా పేరు మీద ఎన్ని ఉన్నాయి, జరిమానా ఎంత. సాధారణంగా సగానికి పైగా గీతలు ఈ వరసలోనే పడతాయి. వీటన్నిటికీ జవాబు ఇప్పటికే మీ కంప్యూటర్‌లో ఉంది. అది పాఠకుడికి ఇంటి నుంచి కనిపించేలా చేయడమే మొదటి పని, దానికి యాప్ అక్కరలేదు.

మీ సాఫ్ట్‌వేర్‌కు వెబ్ కేటలాగు, అంటే మనం ఓపాక్ అనేది, ఉంటే దాన్నే తెరవండి. లేకపోతే కోహా గురించి ఆలోచించండి. న్యూజిలాండ్‌లోని హొరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు కోసం తయారై 2000 జనవరిలో వాడుకలోకి వచ్చిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. లైసెన్సు రుసుము లేదు. కానీ ఉచితం అన్నమాట విని పాలకమండలి సంబరపడకుండా చూడండి. సర్వరు, రోజువారీ బ్యాకప్, భద్రతా నవీకరణలు, ఏదైనా ఆగిపోతే చూసే మనిషి, వీటికి ఖర్చుంటుంది. మీ దగ్గర సాంకేతిక సిబ్బంది లేరు కాబట్టి సొంత సర్వరు జోలికి పోకుండా, నిర్వహణతో సహా అందించే సంస్థ దగ్గర పెట్టుకోవడం మేలు. ఒప్పందంలో ఒక్క వాక్యం తప్పనిసరిగా రాయించండి: ఎప్పుడు అడిగినా పుస్తకాల రికార్డులూ సభ్యుల వివరాలూ ఇష్యూ చరిత్రా పూర్తిగా మనకు తిరిగి ఇవ్వాలి. ఆ వాక్యానికి ఒప్పుకోని సంస్థతో పని పెట్టుకోవద్దు.

కోహా ఉన్న గ్రంథాలయాల్లోనూ నేను తరచూ చూసేది ఏమిటంటే, అందులోని సదుపాయాల్లో సగం ఆపివేసే ఉంటాయి. పాఠకుడు ఇంటి నుంచే గడువు పెంచుకోవడం, పుస్తకం ఆపి ఉంచమనడం, కొత్త పుస్తకం కొనమని సూచించడం, సభ్యత్వానికి దరఖాస్తు చేయడం, ఒక వ్యాసం లేదా అధ్యాయం నకలు కోరడం, ఇవన్నీ సెట్టింగుల్లో ఆన్ చేస్తే వచ్చేవే. గడువు విషయంలో నా సలహా కాస్త ధారాళంగా ఉంటుంది. వేరే ఎవరూ రిజర్వు చేయకపోతే దానంతటదే పొడిగించేలా నియమం పెట్టండి. దూరంగా ఉన్నవారి మీద ఆలస్య రుసుము వేసి సాధించేదేమీ లేదు. మళ్లీ రావడానికి మొహమాటపడి పుస్తకమే ఇవ్వకుండా ఉండిపోతారు.

ఇక గడువు దగ్గరపడుతోందనీ, అడిగిన పుస్తకం వచ్చిందనీ పంపే ఈమెయిళ్లు. ఇవి స్పామ్‌లోకి పోతున్నాయని ఎవరికీ తెలియకుండా ఏడాది గడిచిపోగలదు. మీ డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే గుర్తింపు రికార్డులు, అంటే ఉత్తరం నిజంగా మీ నుంచే వచ్చిందని చూపేవి, పెట్టించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో కఠినంగా ఉన్నాయి, గుర్తింపు లేని ఉత్తరాలను స్పామ్‌లో వేయవచ్చు, తిప్పి పంపేయనూవచ్చు. పెట్టించిన తర్వాత మీ సొంత చిరునామాకు కాకుండా, నాలుగైదు రకాల ఈమెయిల్ సేవలున్న పాఠకులకు పంపి చూడమనండి. ఉత్తరంలో మొదటి వాక్యమే విషయం చెప్పాలి: ఏ పుస్తకం, ఏ తేదీ, ఏం చేయాలి. ఫోను తెరమీద కనిపించేది అంతే.

ఇప్పుడు మిగతావారు తొందరగా దాటేసే విషయం దగ్గర కొంచెం ఆగుతాను. కేటలాగు వెబ్‌లో పెట్టిన వెంటనే దాని లోపాలన్నీ బయటపడతాయి. కౌంటర్ దగ్గర పాఠకుడు పుస్తకం పేరు తప్పుగా చెప్పినా మీరు సర్దుకుని తీసిచ్చేవారు. వెతుకుడు పెట్టె ఆ పని చేయదు. తెలుగు పుస్తకాలున్న కేటలాగుకు ఈ చిక్కు రెట్టింపు.

పెద్ద గ్రంథాలయాల కేటలాగుల నుంచి జడ్39.50 (రికార్డులు నేరుగా తెచ్చుకునే పద్ధతి) ద్వారా దించుకున్న తెలుగు పుస్తకాల రికార్డులు చాలావరకు రోమన్ లిపిలో, అక్షరాల మీదా కిందా గీతలతో, చుక్కలతో వస్తాయి. పాఠకుడేమో ఫోనులో తెలుగులో కొడతాడు. ఫలితం సున్నా. పుస్తకం మాత్రం మీ అరలోనే ఉంటుంది. దీనికి మార్క్ 21 ప్రమాణంలోనే, అంటే పుస్తక వివరాలను నంబర్లున్న ఫీల్డుల్లో రాసే పద్ధతిలోనే, దారి ఉంది. మూల లిపిలోని రూపాన్ని 880 ఫీల్డులో ఇచ్చి రోమన్ రూపానికి జతచేయవచ్చు. అంత శ్రమ పడలేకపోతే 246 ఫీల్డులో తెలుగు శీర్షికను ప్రత్యామ్నాయంగా చేర్చండి, వెతికితే దొరుకుతుంది. గీతలూ చుక్కలూ లేని మామూలు ఇంగ్లిషు అక్షరాల రూపాన్ని కూడా చేర్చండి. తెలుగు కీబోర్డు వాడని పాఠకులు చాలామంది అలాగే వెతుకుతారు.

లిపి తెలుగే అయినా పని అయిపోలేదు. సాఫ్ట్‌వేర్ అనే మాటలో ఫ్ట్ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత అక్షరం ఉంటుంది. ఒకరు దాన్ని టైపు చేస్తారు, మరొకరు చేయరు. మనకు ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు. పాత శీర్షికల్లో అరసున్నలు, బండి ఱలు ఉంటాయి. నేటి పాఠకుడు వాటిని కొట్టడు. యూనికోడ్ రాకముందు పాత ఫాంట్లలో ఎక్కించిన రికార్డులైతే తెరమీద తెలుగులా కనిపించినా లోపల అర్థంలేని ఇంగ్లిషు గుర్తులే ఉంటాయి. వాటిని ముందే మార్పిడి చేయించాలి. రచయితల పేర్లు మరీ గజిబిజి: ఇంటిపేరు ముందూ వెనకా, పొడి అక్షరాలు, కలం పేరు. ఒక్కో రచయితకు ఒక అథారిటీ రికార్డు, అంటే పేరుకు ఒక ఖాయమైన రూపం చూపే రికార్డు, పెట్టి, మిగతా రూపాలన్నీ 400 ఫీల్డులో ఎక్కిస్తే ఎలా వెతికినా ఒకే చోటికి చేరతారు. వేల రికార్డులూ ఒకేసారి సరిచేయాలని కూర్చోవద్దు. ఎక్కువగా ఇష్యూ అయ్యే కొన్ని వందలతో మొదలుపెట్టండి. ఆ తర్వాత పాఠకులు వెతికి ఖాళీ చేతులతో వెనుదిరిగిన మాటల జాబితా చూస్తూ దిద్దండి. మటోమో వంటి వెబ్ గణాంకాల సాధనంలో, ఫలితం రాని వెతుకుళ్లను విడిగా చూపే నివేదిక ఉంది. మీ కేటలాగుకు దాన్ని తగిలిస్తే వారానికోసారి ఆ జాబితా చదవడం చాలు. ఏ సర్వే చెప్పలేని సంగతులు అందులో దొరుకుతాయి.

రెండో మార్గం, ప్రశ్నలకు చిరునామా. ఈమెయిలా, వాట్సాపా, ఫోనా అన్నది మీ పాఠకులు ఇప్పటికే ఏది వాడుతున్నారన్న దాన్ని బట్టి నిర్ణయించండి. వాట్సాప్ అయితే గ్రంథాలయం పేరున విడిగా ఒక నంబరు తీసుకుని వాట్సాప్ బిజినెస్‌లో పెట్టండి. సిబ్బంది సొంత నంబరు ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వవద్దు. రాత్రి పదకొండుకు కూడా ఫోను మోగుతుంది, ఆ ఉద్యోగి బదిలీ అయిన రోజున పాఠకులందరూ ఆయనతోపాటు వెళ్లిపోతారు. బిజినెస్ రూపంలో పనివేళల తర్వాత వెళ్లే స్వయంచాలక సందేశం, తరచూ పంపే జవాబులు దాచుకునే వీలు, సంభాషణలకు గుర్తులు పెట్టుకునే వీలు ఉన్నాయి. కంప్యూటర్‌కూ అనుసంధానించి అక్కడి నుంచి టైపు చేయవచ్చు.

పాఠకులతో వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టవద్దు. గ్రూపులో చేరిన ప్రతివారి ఫోను నంబరూ మిగతావారందరికీ కనిపిస్తుంది. గ్రంథాలయ సభ్యుల జాబితాను మీ చేతులతో మీరే పంచిపెట్టినట్టు అవుతుంది. పైగా రెండో వారానికల్లా ఉదయ శుభాకాంక్షల చిత్రాల కింద మీ ప్రకటనలు కనబడకుండా పోతాయి. కొత్త పుస్తకాల కబురు పంపాలంటే బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడండి. మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే ఆ సందేశం అందుతుంది కాబట్టి, సభ్యత్వ పత్రం ఇచ్చేటప్పుడే నంబరు దాచుకోమని చెప్పాలి.

పాఠకుడి అసలు అవసరాన్ని ప్రశ్నలతో రాబట్టే పని తెరమీద మరో రకంగా సాగుతుంది. ఎదురుగా ఉంటే ముఖం చూసి ఒక్కో ప్రశ్నా అడుగుతాం. రాతలో ప్రతి ప్రశ్నకూ జవాబు వచ్చేసరికి గంట పట్టవచ్చు, మూడో ప్రశ్నకు పాఠకుడు విసిగిపోతాడు. "నేల గురించి పుస్తకాలున్నాయా?" అని ఒకరు రాశారనుకోండి. "ఉన్నాయి" అన్నది జవాబు కాదు. "సాగు కోసమా, పాఠశాల ప్రాజెక్టు కోసమా? తెలుగులోనే కావాలా, ఇంగ్లిషులో ఉన్నా పర్వాలేదా? ఎప్పటికి కావాలి? ఈలోగా ఈ రెండు చూడండి" అని ఒకే సందేశంలో అడగాలి, ఆ సందేశంలోనే ఏదో ఒకటి చేతికివ్వాలి కూడా. చివరి జవాబులో మూడు ఉండాలి: సమాచారం, అది ఎక్కడిదన్న ఆధారం, ఇంకా కావాలంటే ఎక్కడ చూడాలన్న దారి. పేరూ నంబరూ తీసేసి ఆ ప్రశ్నా జవాబూ ఒక ఫైల్లో దాచుకుంటే, ఏడాది తిరిగేసరికి మీ సొంత రిఫరెన్సు గ్రంథం తయారవుతుంది.

ఎంతసేపట్లో జవాబు ఇస్తారో ముందే ప్రకటించండి. "పనిదినాల్లో మరుసటి రోజు సాయంత్రంలోగా" అని చెప్పి మధ్యాహ్నానికే ఇవ్వడం మంచిది. "వెంటనే" అని చెప్పి సాయంత్రానికి ఇస్తే మాట పోతుంది. ఇరవైనాలుగు గంటల సేవ అన్నది ఒక్క గ్రంథాలయం వల్ల అయ్యే పని కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1995లో మొదలైన ఇంటర్నెట్ పబ్లిక్ లైబ్రరీ ఈమెయిల్ ప్రశ్నలకు జవాబులిచ్చేందుకు విద్యార్థులనూ స్వచ్ఛంద గ్రంథపాలకులనూ కూడగట్టుకోవలసి వచ్చింది. అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం, ఓసీఎల్‌సీ అనే గ్రంథాలయాల సహకార సంస్థ కలిసి 2002లో తెచ్చిన క్వశ్చన్‌పాయింట్ అనే ప్రశ్నల సేవ కూడా గ్రంథాలయాలు పని పంచుకునే పద్ధతి మీదే నడిచింది. మీలాంటి చిన్న గ్రంథాలయాలు నాలుగు కలిసి ఒకే చిరునామా పెట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో రోజు సాయంత్రం చూసుకుంటే ఎవరికీ భారం కాదు. పక్క గ్రంథాలయంతో ఈ మాట మాట్లాడటానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కరలేదు.

ఈ రెండూ నిలదొక్కుకున్నాక స్కాన్ సేవ మొదలుపెట్టండి. దూరపు పాఠకులు దీన్ని ఎక్కువగా మెచ్చుకుంటారు. పుస్తకమంతా అక్కరలేదు, ఒక వ్యాసమో ఒక అధ్యాయమో కావాలి. సొంత అధ్యయనానికి కొంత భాగం నకలు ఇవ్వడానికి చాలా దేశాల కాపీరైటు చట్టాల్లో గ్రంథాలయాలకు మినహాయింపు ఉంది. ఎంతవరకన్నది చట్టం చట్టానికీ మారుతుంది, మీది చదివి ఒక పేజీ నియమావళి రాసుకోండి. కాపీరైటు ఉన్న పుస్తకం మొత్తం స్కాన్ చేసి పంపడం మాత్రం ఎవరు బతిమాలినా చేయవద్దు. ఇంటర్నెట్ ఆర్కైవ్ తన దగ్గరున్న అచ్చు ప్రతులను స్కాన్ చేసి ఈ-ప్రతులుగా అరువిచ్చినందుకే ప్రచురణకర్తలు 2020లో దావా వేశారు. 2023లో కింది కోర్టూ, 2024 సెప్టెంబరులో అప్పీలు కోర్టూ ఆర్కైవ్‌కు వ్యతిరేకంగానే తీర్పిచ్చాయి. అది అమెరికా తీర్పే, ప్రతిచోటా వర్తించదు. అయినా అంత పెద్ద సంస్థ నెగ్గలేకపోయిన వాదనను నెత్తికెత్తుకునే స్తోమత మనకు లేదు.

స్కాన్ 300 డీపీఐలో, నలుపు తెలుపు ఛాయల్లో చాలు. రంగు బొమ్మలుంటేనే రంగులో చేయండి. ఫైలు చిన్నదిగా ఉంటే మొబైల్ డేటా మీద ఆధారపడేవారు బతికిపోతారు. మొదటి పేజీలో పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం, పేజీల సంఖ్య ఉండాలి. అవి లేని నకలును పాఠకుడు ఎక్కడా ఉదహరించలేడు. స్కాన్ బొమ్మలోని అక్షరాలను పాఠంగా మార్చే టెసరాక్ట్, 2005లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైనది, తెలుగునూ గుర్తిస్తుంది. కొత్త అచ్చులో బాగానే పనిచేస్తుంది, పాత సీసపు అచ్చులో వత్తుల దగ్గర తడబడుతుంది. అచ్చు పాతదైతే ఆ పాఠాన్ని వెతుక్కోవడానికి మాత్రమే నమ్మండి, ఉదహరించడానికి కాదు.

చూపు లేని పాఠకుల కోసం ఇక్కడే ఒక మాట. కేవలం బొమ్మగా ఉన్న పీడీఎఫ్‌ను ఫోనులో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ గానీ వాయిస్‌ఓవర్ గానీ సరిగా చదవలేదు, వారికి అది ఖాళీ కాగితం. పాఠం గుర్తించిన ఫైలు గానీ, ఈపబ్ అనే ఈ-పుస్తక రూపం గానీ పంపాలి. చూపు లేనివారికీ, అచ్చు చదవలేని ఇతరులకూ అనువైన ప్రతులు తయారుచేసి ఇవ్వడానికి, దేశాల మధ్య పంచుకోవడానికి వీలు కల్పించే మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరి 2016 సెప్టెంబరు 30 నుంచి అమల్లో ఉంది. దాన్ని ఆమోదించి అందులో చేరిన దేశంలో ఉంటే, పైన చెప్పిన "పుస్తకం మొత్తం వద్దు" అన్న నియమానికి ఇది ముఖ్యమైన మినహాయింపు. మీ వెబ్ కేటలాగును కూడా మౌస్ ముట్టకుండా, కీబోర్డుతో మాత్రమే ఒకసారి వాడి చూడండి. మీరు చిక్కుకుపోయిన చోటే వాళ్లూ చిక్కుకుంటారు.

ఈ-పుస్తకాల చందా గురించి పాలకమండలికి ఒక నిజం చెప్పాలి. అచ్చు పుస్తకం కొంటే అది గ్రంథాలయం సొత్తు. ఈ-పుస్తకానికి చాలావరకు మనం కొనేది లైసెన్సు మాత్రమే. హార్పర్‌కాలిన్స్ 2011లో ఒక్కో ఈ-పుస్తకాన్ని 26 సార్లు ఇష్యూ చేశాక లైసెన్సు ముగిసేలా నిబంధన తెచ్చింది. మాక్మిలన్ 2019 నవంబరులో, కొత్త పుస్తకం వచ్చిన తొలి ఎనిమిది వారాలూ ఒక గ్రంథాలయ వ్యవస్థకు ఒకే ప్రతి అమ్ముతామంది. గ్రంథాలయాలు గట్టిగా వ్యతిరేకించాయి, 2020 మార్చిలో ఆ నిబంధన ఎత్తేసింది. కొన్ని లైసెన్సులు కాలం లెక్కన, కొన్ని ఇష్యూల లెక్కన, కొన్ని ఒక్కో ఇష్యూకు ఇంత అన్న లెక్కన ఉంటాయి. ఎక్కువ చోట్ల ఒక ప్రతిని ఒకసారికి ఒక్కరే చదవగలరు. తెరమీద పుస్తకానికీ వరుసలో నిలబడాలా అని పాఠకులు అడిగినప్పుడు సమాధానం మీరే చెప్పుకోవాలి.

అమ్మేవారు "లక్ష పుస్తకాలు" అంటారు. మీరు అంకె అడగవద్దు, జాబితా అడగండి. మీ దగ్గర గత ఏడాది ఎక్కువగా ఇష్యూ అయిన వంద పుస్తకాల్లో ఎన్ని అందులో ఉన్నాయో పోల్చి చూడండి. మీ పాఠకులు చదివే భాషలో ఎన్ని ఉన్నాయో చూడండి. చందా ఆపేస్తే ఏం మిగులుతుందో రాతపూర్వకంగా అడగండి. నా అంచనా ప్రకారం ఈ మూడు పరీక్షల తర్వాత మీ పాలకమండలి ఉత్సాహం కొంత చల్లబడుతుంది.

ఈలోగా ఖర్చు లేకుండా చేయగలిగింది చాలా ఉంది. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్, తెలుగు వికీసోర్స్, ఓపెన్ యాక్సెస్ పత్రికలను, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలవాటిని, 2003 నుంచి జాబితా చేస్తున్న డీఓఏజే, ఇవన్నీ అందరికీ తెరిచి ఉన్నవే. వీటి లంకెలను వెబ్ పేజీలో చాంతాడంత జాబితాగా పెడితే ఎవరూ చూడరు. మీ పాఠకులు అడిగే రచనలను ఎంచి, ఒక్కోదాన్నీ కేటలాగులోనే రికార్డుగా చేర్చి 856 ఫీల్డులో లంకె ఇవ్వండి. పుస్తకం కోసం వెతికినవారికి అచ్చు ప్రతితోపాటు ఆ ప్రతీ కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి లంకెలు పనిచేస్తున్నాయో లేదో చూడాలి. తెగిన లంకె ఉన్న కేటలాగు మీద నమ్మకం త్వరగా పోతుంది.

విద్యాసంస్థల గ్రంథాలయాలకు చందా డేటాబేసులను ఇంటి నుంచి అందించే సమస్య వేరు. ఈజెడ్‌ప్రాక్సీ, షిబొలెత్, ఓపెన్ అథెన్స్ వంటివి దానికోసమే ఉన్నాయి. మీకు ప్రస్తుతానికి అక్కరలేదు. ఒక్క హెచ్చరిక: ఏదైనా డేటాబేసు చందా ఉంటే దాని పాస్‌వర్డును అందరికీ వాట్సాప్‌లో పంపడం లైసెన్సు ఉల్లంఘన, చందా మొత్తం రద్దు చేయడానికి అది చాలు.

ఆన్‌లైన్ కార్యక్రమాల విషయంలో నాకు పెద్ద ఆశలు లేవు. ఉపన్యాసాలు యూట్యూబ్‌లో ఇప్పటికే కొల్లలు. పదిమందితో ఒక పుస్తకం మీద చర్చ అయితే గ్రంథాలయం మాత్రమే బాగా చేయగలదు. ఖాతా లేకుండా చేరగలిగే జిట్సీ వంటిది పెద్దవాళ్లకు సులువు. జూమ్ ఉచిత ఖాతాలో గుంపు సమావేశం 40 నిమిషాలకు ఆగిపోతుంది, నిజానికి చర్చకు అది మంచి కొలతే. పిల్లలకు కథలు చదివి వినిపిస్తూ రికార్డు చేసి పెట్టాలంటే మాత్రం ప్రచురణకర్త అనుమతి తీసుకోండి. గదిలో చదవడం వేరు, వెబ్‌లో శాశ్వతంగా ఉంచడం వేరు.

ఇంటర్నెట్ లేనివారు, ఉన్నా వాడలేనివారు మీ దూరపు పాఠకుల్లో తప్పకుండా ఉంటారు. వారికి మీ ఆన్‌లైన్ సాధనం మామూలు ఫోనే. వారు ఫోను చేస్తే, కేటలాగు మీరు తెరిచి, వారి తరఫున మీరే రిజర్వు చేసి, తపాలాలోనో ఎవరైనా వచ్చి తీసుకెళ్లేలానో పంపండి. వారానికి రెండు నిర్ణీత వేళల్లో మీరే ఫోను చేస్తే ఇంకా మంచిది. ఫోనులో ఫారం నింపడానికి సాయం చేసేటప్పుడు ఒక నియమం గోడమీద రాసి పెట్టుకోండి: పాఠకుడి పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ సిబ్బంది అడగరు, చెప్పినా వినరు. మోసగాళ్లు రాజ్యమేలుతున్న కాలంలో గ్రంథాలయం పేరుతో వచ్చిన ఫోనును ఎలా నమ్మాలో పాఠకుడికి ముందే తెలియాలి.

ఎవరు ఏం చదివారన్నది మూడో మనిషికి తెలియకూడదన్న మన పాత పట్టింపు ఆన్‌లైన్‌లో మరింత అవసరం. 2014 అక్టోబరులో అడోబ్ డిజిటల్ ఎడిషన్స్ అనే ఈ-పుస్తకాల ప్రోగ్రాము, పాఠకులు ఏ పుస్తకంలో ఏ పేజీలు చదివారో ఎన్‌క్రిప్షన్ కూడా లేకుండా కంపెనీకి పంపుతున్నట్టు బయటపడింది. ఆ సంగతి చాలా గ్రంథాలయాలకు వార్తల్లోనే తెలిసింది. కొనే ముందు అడగాలి. మన చేతిలో ఉన్నవైనా సరిగా పెట్టుకోవాలి. కోహాలో, తిరిగి వచ్చిన పుస్తకాలకూ పాఠకుడి పేరుకూ ఉన్న సంబంధాన్ని తెంచేసే ఏర్పాటు ఉంది, వాడండి. వాట్సాప్ సంభాషణలను మూడు నెలలకోసారి తుడిచేయండి. గూగుల్ ఫారంలో సభ్యత్వ సంఖ్య ఒక్కటి సరిపోయే చోట పుట్టినతేదీ, చిరునామా అడగవద్దు. సేకరించని సమాచారం ఎక్కడికీ పొక్కదు.

మిగిలినవి యాప్, చాట్‌బాట్. కోహా వెబ్ కేటలాగు ఫోను తెరకు తగ్గట్టు తనే సర్దుకుంటుంది. దాన్ని ఫోను ముందుపేజీ మీద గుర్తుగా పెట్టుకోవడం పాఠకులకు నేర్పితే, చాలామందికి అదే యాప్. సొంత యాప్ చేయిస్తే ఆండ్రాయిడ్‌కూ ఐఫోనుకూ విడివిడిగా చూడాలి, వాటి కొత్త రూపాలు వచ్చినప్పుడల్లా మళ్లీ సరిచేయించాలి. ఆ డబ్బు మొదటి ఏడాది దొరుకుతుంది, రెండో ఏడాది దొరకదు.

చాట్‌బాట్‌లో రెండు రకాలు. పనివేళలు, సభ్యత్వ నియమాలు వంటి పది ప్రశ్నలకు ముందే రాసి పెట్టిన జవాబులు చూపేది నిరపాయకరం, మీ ప్రశ్నల ఫైలు పెరిగాక పెట్టుకోవచ్చు. కృత్రిమ మేధతో స్వేచ్ఛగా మాట్లాడేదాన్ని గ్రంథాలయం పేరు మీద ఇప్పుడే నిలబెట్టవద్దు. లేని పుస్తకానికి ఉన్న రచయిత పేరు జోడించి నమ్మకంగా చెప్పగలదది. అలాంటి జాబితా పట్టుకుని వచ్చే పాఠకులు మీకు ఇప్పటికే తగిలి ఉండవచ్చు. వారు అడిగిన శీర్షికను మీ కేటలాగులోనూ, ప్రపంచ గ్రంథాలయాల ఉమ్మడి కేటలాగు వరల్డ్‌క్యాట్‌లోనూ చూసి, లేదని తేలితే నొప్పించకుండా చెప్పి, ఆ విషయం మీద నిజంగా ఉన్న పుస్తకం ఒకటి చేతికివ్వడం మన పనిలో కొత్తగా చేరింది.

పాలకమండలికి పెట్టే ప్రతిపాదనలో నాలుగు పద్దులు చాలు: వెబ్ కేటలాగు నిర్వహణ, విడి ఫోను నంబరు, ఒక మంచి స్కానరు, సిబ్బందిలో ఒకరికి రోజుకు రెండు గంటలు ఈ పనికే కేటాయింపు. నాలుగోదాన్ని డబ్బు పద్దు కాదని కొట్టేస్తారు, అక్కడే గట్టిగా నిలబడండి. అది లేకుండా మిగతా మూడూ ఇచ్చినా తీసుకోవద్దు. ఆరు నెలల తర్వాత లెక్క చూపేటప్పుడు పేజీకి వచ్చిన లైకులు చూపవద్దు. ఎన్ని ప్రశ్నలకు చెప్పిన గడువులోగా జవాబిచ్చారు, ఎన్నిటికి ఇవ్వలేకపోయారు, రిజర్వు చేసినా ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లకుండా మిగిలాయి, ఇవి చూపండి.

మీ కేటలాగు ప్రస్తుతం ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందో రాయలేదు. రికార్డులు మార్క్ రూపంలో బయటికి తీయగలిగితే మార్పిడి పెద్ద పని కాదు. ఎక్సెల్ పట్టికగా మాత్రమే వస్తే మార్క్‌ఎడిట్ అనే ఉచిత సాధనంతో మార్చుకోవచ్చు, కాకపోతే వరుసలు ముందే శుభ్రం చేసుకోవాలి: రచయిత ఒక గడిలో, శీర్షిక ఒక గడిలో, యాక్సెషన్ నంబరు (ఒక్కో ప్రతికి గ్రంథాలయం ఇచ్చే వరుస సంఖ్య) ఒక గడిలో. ఓ పాతిక వరుసల నమూనా, సభ్యుల వివరాలేవీ లేకుండా, ఇక్కడ పెడితే ఏ గడి ఏ ఫీల్డులోకి వెళ్లాలో గుర్తుపెట్టి ఇస్తాను.